పై ఊరు గంట దూరం

ఫోన్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. కొట్జెబ్యూ నుంచి ఉట్కియాగ్విక్‌కి దూరం మూడువందల ముప్పై మైళ్ళ పైచిలుకు, విమానంలో సుమారు గంట ప్రయాణం అని వస్తుంది. ఆ మాటల కింద అలాస్కా మ్యాపు, మ్యాపు పైఅంచున రెండు చుక్కలు, ఆ రెండింటినీ కలుపుతూ తిన్నగా ఒక గీత. ఆ పేజీ తయారుచేసింది ఎవరో నాకు తెలియదు గానీ, కనబడితే ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు దులపాలని ఉంది. ఆ గీత మీద విమానం తిరగదు. రోడ్డు సంగతి సరేసరి, అసలు లేదు.

కింది చుక్క మా ఊరు. అక్కణ్ణించి పై చుక్కకి వెళ్ళాలంటే ముందు వెనక్కి, దక్షిణానికి, గంటన్నర ఎగిరి యాంకరేజ్‌లో దిగాలి. చాలాసార్లు రాత్రికి అక్కడే పడుకోవాలి. మర్నాడు ఇంకో విమానం పట్టుకుని మళ్ళీ ఉత్తరానికి, దాదాపు రెండు గంటలు. కాకినాడ నుంచి విశాఖపట్నం వెళ్ళడానికి ముందు బెంగుళూరు పోయి, అక్కడ నిద్రచేసి, పొద్దున్నే విశాఖ విమానం ఎక్కమన్నట్టు ఉంటుంది. అదీ గాలి, మంచు ఒప్పుకుంటే.

నేను లెక్కల టీచర్ని. రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం సరళరేఖే అని ముప్పయ్యేళ్ళుగా బోర్డు మీద గీసి చూపిస్తున్నాను. ఈ మధ్య ఆ పాఠం వచ్చినప్పుడల్లా మార్కరు పక్కన పడేసి కూర్చోవాలనిపిస్తోంది.

కాకినాడలో చెప్పేదాన్ని ముందు. అమెరికాలో ఎవరూ వెళ్ళడానికి ఇష్టపడని ఊళ్ళకి టీచర్లు కావాలని తెలిసి దరఖాస్తు పెట్టాను, వచ్చేశాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు, మొదట్లో ఊరు నచ్చడానికి అదే పెద్ద కారణం. నేల ఏడాది పొడుగునా లోపల గడ్డకట్టే ఉంటుంది కాబట్టి ఇళ్ళన్నీ దుంగల మీద నిలబడి ఉంటాయి. ముందు సముద్రం, అది కూడా ఏడాదిలో సగం పైగా గట్టినేలలాగే ఉంటుంది. పిల్లలు దాని మీద మంచుబండ్లు తోలుకుంటూ పోతారు. నేను ఇప్పటికీ చూడలేక మొహం తిప్పుకుంటాను.

బడిలో ఎక్కువమంది ఇనుపియాట్ పిల్లలు, తరతరాలుగా ఇక్కడి వాళ్ళు. వచ్చిన కొత్తలో నాకు వాళ్ళతో పెద్ద తంటా వచ్చిపడింది. పాఠం చెప్పి "అర్థమైందా?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. నా మొహంలోకి చూసి కనుబొమ్మలు పైకెత్తుతారు. మళ్ళీ గొంతు పెంచి అడుగుతాను. మళ్ళీ కనుబొమ్మలు. ఎంత పొగరు వీళ్ళకి అనుకుని ఇంటికొచ్చి ఉడుక్కునేదాన్ని. చివరికి పక్క క్లాసు టీచరు, ఆ ఊరావిడే, నా అవస్థ చూసి నవ్వు ఆపుకుంటూ చెప్పింది, ఇక్కడ కనుబొమ్మలెత్తడమంటే అవునని చెప్పడమేనని. పాపం ఆ పిల్లలు అవును, అవును అని నెలలకొద్దీ చెబుతూనే ఉన్నారు. నేనే వినిపించుకోలేదు.

ఇంత జరిగాక కూడా నాకు బుద్ధి రాలేదు. మాట ఒకరు ఒకలా అంటే ఇంకొకరు ఇంకోలా వింటారన్నది పరాయి భాషతో వచ్చే ఇబ్బంది అనుకున్నాను. మన తెలుగులో మనకేం భయం అనుకున్నాను.

ఆ అమ్మాయిని మొదటిసారి చూసింది యాంకరేజ్ విమానాశ్రయంలో. సెలవులైపోయి నేను తిరిగి వెళ్తున్నాను. ఉత్తరాన పొగమంచు, విమానాలన్నీ ఆపేశారు. పైకి వెళ్ళే జనమంతా కోడిగుడ్లూ కూరగాయలూ కుక్కిన ప్లాస్టిక్ పెట్టెలు పక్కన పెట్టుకుని కింద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. అంతలో నా వెనకనించి ఒక ఆడపిల్ల గొంతు తెలుగులో వినిపించింది. "లేదమ్మా, నిజంగా రెండు కోట్లు ఉన్నాయి. ఐ ప్రామిస్, రెండు కోట్లు సరిపోతాయి."

అలాస్కాలో ఒకమ్మాయి రెండు కోట్లు సరిపోతాయి అంటుంటే ఏ తెలుగుదాని చెవులు నిక్కపొడుచుకోవు? వెనక్కి తిరిగాను. ఉన్ని టోపీ, జీన్సు, ఒళ్ళో లావుపాటి చలికోటు, పక్కన ఇంకో చలికోటు. అవీ ఆ రెండు కోట్లు. నవ్వొచ్చేసింది.

"తెలుగువాళ్ళా అమ్మా?" అన్నాను.

ఉలిక్కిపడి ఫోన్ పెట్టేసింది. "అవును ఆంటీ. ఓ మై గాడ్. మీరు ఇక్కడ ఏం చేస్తున్నావు?"

పుట్టిందీ పెరిగిందీ న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో. పళ్ళ డాక్టరు. ఆ పై చుక్క, ఉట్కియాగ్విక్ ఆసుపత్రిలో రెండేళ్ళ ఉద్యోగానికి వెళ్తోంది. ఎందుకమ్మా అంత దూరం అంటే "స్నో అంటే ఇష్టం ఆంటీ" అంది. అక్కడ కూర్చున్న ఇనుపియాట్ ముసలాయన ఒకాయన ఆ ఒక్క ఇంగ్లీషు మాట పట్టుకుని పెద్దగా నవ్వాడు. ఆ పిల్ల తెలుగు ముద్దొచ్చేలా ఉంది. మీరు అని మర్యాదగా మొదలుపెట్టి నువ్వుతో ముగించేది. మీరు తిన్నావా, మీరు కూర్చో. సరిచెయ్యబుద్ధి కాలేదు. ఆంటీ ఒక్కటే నాకు పడలేదు. మా బంధువుల పిల్లలు పక్కింటి కుక్కపిల్లకి పేరు పెట్టినట్టు కనబడ్డ ప్రతివాళ్ళనీ ఆంటీ అంటుంటే నాకు ఎప్పుడూ చిరాకే.

"ఆంటీ అనకు. మీ అమ్మ వయసెంత?"

"ఫిఫ్టీ టూ."

"అయితే నేను రెండేళ్ళు పెద్ద. మీ అమ్మకి అక్కని. పెద్దమ్మ అను."

"పెద్ద అమ్మ. బిగ్ మామ్?"

"అదే."

"పెద్దమ్మా," అని రెండుసార్లు అని చూసుకుంది. ద దగ్గర అమెరికా నాలుక మడత పడింది. నన్నెవరూ అంతవరకూ ఆ పిలుపు పిలవలేదు. మా అన్నయ్య పిల్లలకి నేను అత్తని. చెల్లెళ్ళు లేరు. సరదాకి ఇచ్చిన వరస అది, కానీ ఆ పూట నుంచే నేను దాన్ని సరదాగా తీసుకోవడం మానేశాను.

ఆమె పెట్టెలో వాళ్ళమ్మ పెట్టిన కరివేపాకు ఉంది, వాళ్ళ ఊరి దగ్గర ఐసెలిన్‌లో, మనవాళ్ళ కొట్లో కొన్నది. సగం తీసి నా చేతిలో పెట్టింది. వద్దన్నాను, రెండోసారి మాత్రం వద్దనలేదు. తర్వాత ఫోన్ తీసి మా రెండు ఊళ్ళూ కొట్టి చూసింది. "చూడండి పెద్దమ్మా, వన్ అవర్." ఆ పేజీయే. ఆ గీతే.

మధ్యలో విమానం లేదని నాకు తెలుసు. చెప్పొచ్చు కూడా. కానీ ఒక్కతే ఆ చలిలోకి వెళ్తున్న పిల్ల మొహం చూసి, "గంట దూరమేనమ్మా, గంట మనకో లెక్కా," అన్నాను. మనవాళ్ళు ఈ దేశంలో దూరాన్ని మైళ్ళలో చెప్పరు. ఐసెలిన్ ఎంత దూరం అంటే అరగంట అంటారు. ఆ పిల్ల ఆ లెక్కల్లోనే పెరిగింది. గంట అంటే తనకి శనివారం పొద్దున్న బయల్దేరి బట్టలూ సామాన్లూ కొనుక్కుని భోజనం చేసి తిరిగొచ్చే దూరం. నాకేమో గంట అంటే ధైర్యం చెప్పడానికి వాడుకునే మాట.

మా ఊరి విమానం ముందు పిలిచారు. సంచీ భుజాన వేసుకుని లేచి, "వస్తానమ్మా," అన్నాను.

ఆ పిల్ల లేచి నిలబడింది. కళ్ళు మెరిశాయి. "రండి పెద్దమ్మా," అంది.

ఎంత పద్ధతిగా పెంచారు అనుకున్నాను. వెళ్తున్నానని అనకుండా వస్తానని మనం అంటే, వెళ్ళమనకుండా రండి అని ఎదుటివాళ్ళు అనాలి. అమెరికాలో పుట్టిన పిల్లకి అది కూడా నేర్పారే అని విమానంలో కూర్చున్నాక కూడా మురిసిపోయాను.

ఆ తర్వాత ఆదివారాలు మాట్లాడుకునేవాళ్ళం. ఊళ్ళ పేర్లకి నోరు తిరగక తనది పై ఊరు, నాది కింది ఊరు అని పెట్టుకున్నాం. పళ్ళు పీకించుకుంటూ కూడా నవ్వే ముసలివాళ్ళ గురించి చెప్పేది, తిమింగలం పట్టిన రోజు ఊరంతా కలిసి పంచుకున్న సంగతి చెప్పేది. నేను పులిహోరలో పోపు ఎప్పుడు వెయ్యాలో చెప్పేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగకపోతే నాకు ఏ పనీ తోచేది కాదు. అన్నేళ్ళు ఒంటరిగా హాయిగా ఉన్నానని చెప్పుకునేదాన్ని, హాయి కాస్తా ఒక్క ఫోన్‌తో అయిపోయింది.

అక్టోబరులో ఆమెకి ఆసుపత్రి వాళ్ళ ఉమ్మడి గదులు వదిలి సొంతంగా చిన్న ఇల్లు అద్దెకి దొరికింది. అందులో చేరిన రెండు వారాలకి, ఒక ఆదివారం, ఫోన్‌లో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నాం. ఇల్లంతా తిప్పి చూపించింది. కిటికీ, మంచం, వంటింట్లో నాలుగు పొయ్యిలున్న గ్యాస్ స్టవ్.

"అమ్మ చెప్పింది, మిల్క్ బాయిల్ చెయ్యాలి, ఓవర్‌ఫ్లో అవ్వాలి. పెద్దవాళ్ళు చెయ్యాలట. అమ్మకి ఈ చలి పడదు, రాలేదు. పెద్దమ్మా, మీకు సాఫ్ట్ పిల్లో కావాలా, హార్డ్ కావాలా?"

దిండ్లు కొంటూ సలహా అడుగుతోందనుకున్నాను. "నాకైతే గట్టిదే ఇష్టమమ్మా, మెత్తటిదైతే మెడ పట్టేస్తుంది," అన్నాను. శ్రద్ధగా తలూపింది. పాలు కార్తీకమాసంలో ఎప్పుడు పొంగించినా మంచిదే, పై శనివారం పొద్దున్నే కానిచ్చేయమని చెప్పాను. తర్వాత, ఎన్నాళ్ళనించో అడగాలనుకుంటున్నది అడిగాను. "రెండేళ్ళయ్యాక కూడా ఉంటావా అక్కడ?" తను నోటితో ఏమీ అనలేదు. నవ్వుతూ కనుబొమ్మలు పైకెత్తింది. ఊరి అలవాటు పట్టుబడింది పిల్లకి. ఈసారి నేను పొరబడలేదు, అది అవుననే. ఆ సంతోషంలో నా నాలుక జారింది. ఫోన్ పెట్టేసేటప్పుడు మామూలుగా "ఉంటానమ్మా" అంటాను, అందరం అదేగా అంటాం. ఆ రోజు మొహం ఎదురుగా కనబడుతోంది కాబట్టి, వాళ్ళింట్లోంచి లేచి వస్తున్నట్టే అనిపించి, "సరే, వస్తానమ్మా," అన్నాను.

"రండి పెద్దమ్మా," అంది.

పై శనివారం నేను వంకాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. వెనకాల ఇంజన్ల చప్పుడు.

"పెద్దమ్మా, మీ ప్లేన్ లేటా? నేను ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నా."

నాకేమీ అర్థం కాలేదు. ఏ ప్లేన్ అన్నాను. తను పొద్దున్నే వచ్చిందట. పెద్ద విమానం దిగింది, అందులో నేను లేను. గంట దూరమే కాబట్టి చిన్న విమానంలో వస్తానేమోనని, చుట్టుపక్కల పల్లెలకి తిరిగే బుల్లి విమానాల షెడ్డు దగ్గరికి నడిచి వెళ్ళి, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని కూర్చుంది. ఎవరి కోసమమ్మా అని ఎవరో పెద్దాయన అడిగితే మా అమ్మ వాళ్ళ అక్క కోసం అని చెప్పింది. ఏ ఊర్నించి అని అడిగి, విని, అక్కణ్ణించి ఇక్కడికి ఏ విమానమూ రాదు తల్లీ అని ఆయన చెప్పాడట. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

చేతిలో కత్తి పక్కన పెట్టి కూలబడ్డాను. మెల్లిగా చెప్పాను, వస్తా అంటే వెళ్తున్నానని చెప్పడమని, వెళ్తానని అనకూడదు గనక అలా అంటామని.

అంతా విని, తర్వాత అడిగింది. "మరి నిజంగా వస్తుంటే ఏమంటారు?"

"వస్తా అనే అంటాం."

"మరి ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుందమ్మా," అన్నాను. ఇంతకంటే పనికిమాలిన జవాబు నేను ఏ విద్యార్థికీ ఇచ్చి ఉండను.

"సారీ పెద్దమ్మా," అంది. "నా తెలుగు బ్యాడ్."

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. నీ తెలుగుకేమీ కాలేదు, నేను అన్నమాటనే నువ్వు నమ్మావు, తప్పు భాషది అని ఏదో అన్నాను. సరే, ఇంటికెళ్ళి నువ్వే పాలు పొంగించుకో, వేడిగా ఏదైనా వండుకు తిను అన్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పాలు పొంగించేదాకా పొయ్యి వెలిగించకూడదని వాళ్ళమ్మ చెప్పిందట. అప్పటికి ఆ ఇంట్లో చేరి కొన్ని వారాలైంది. పొయ్యి ముట్టుకోలేదు. ఆసుపత్రి క్యాంటీన్లో తినడం, లేకపోతే మైక్రోవేవ్‌లో నీళ్ళు కాచుకోవడం. వాళ్ళమ్మ చెప్పింది ఇంట్లో చేరే పూట మాట. ఈ పిల్ల దాన్ని పెద్దమ్మ వచ్చేదాకా అని పొడిగించుకుంది. ఐసెలిన్ కరివేపాకు ఫ్రీజర్‌లో అలాగే ఉంది. నా కోసం కొన్న గట్టి దిండు కవరు విప్పకుండా మంచం మీద ఉంది.

అక్కడే నేను ఆగి ఉండాల్సింది. పెద్దవాళ్ళూ లేదు చిన్నవాళ్ళూ లేదు, ఇప్పుడే వెళ్ళి పొయ్యి వెలిగించు అని ఒక్క అరుపు అరిచి ఉండాల్సింది. క్లాసులో రోజుకి పదిసార్లు అరుస్తాను, ఆ రోజు నోరు రాలేదు. నన్ను అంతగా కావాలనుకున్న మనిషి అంతకుముందు ఎవరూ లేరు, ఆ గర్వం అడ్డంపడింది. "ఆగు తల్లీ, ఈసారి నిజంగానే వస్తా. నా చేత్తోనే పొంగిస్తాను," అన్నాను. "నిజం వస్తా?" అంది. "నిజం వస్తా," అన్నాను. అప్పట్నుంచి మా ఇద్దరి మధ్య వస్తా రెండు రకాలు, ఉత్త వస్తా, నిజం వస్తా.

నవంబరు చివర సెలవులకి బయల్దేరాను. అప్పటికి పై ఊళ్ళో సూర్యుడు వెళ్ళిపోయాడు, మళ్ళీ జనవరి దాకా రాడు. మా ఊళ్ళో కనీసం మధ్యాహ్నం మొహం చూపించిపోతాడు. యాంకరేజ్‌లో దిగి కొత్త స్టీలు గిన్నె కొన్నాను. పసుపూ కుంకుమా నా దగ్గరే ఉన్నాయి. మర్నాడు పొద్దున్న ఉత్తరానికి విమానం ఎక్కాను. గిన్నె పైన పెట్టబుద్ధి కాక ఒళ్ళోనే పెట్టుకున్నాను. పక్క సీటావిడ అది దేనికని అడిగితే, పాలు పొంగి పొయ్యి మీద పడాలని చెప్పాను. పొంగకుండా చూసుకోవడమే కష్టం కదా అంది. నిజమే కదా అని ఇద్దరం నవ్వుకున్నాం.

దగ్గరికొచ్చాం అన్నారు. విమానం దిగడం మొదలుపెట్టింది. కిటికీలోంచి చూస్తే బూడిదరంగు తప్ప ఏమీ లేదు. చక్రాలు బయటికొచ్చిన చప్పుడు అయింది. నేను బూట్లలోంచి తీసిన కాళ్ళు మళ్ళీ వాటిల్లో పెట్టుకుని తయారుగా ఉన్నాను. అంతలో ఇంజన్లు గట్టిగా అరిచి విమానం మళ్ళీ పైకి లేచింది. చుట్టూ తిరిగి ఇంకోసారి ప్రయత్నించారు. మళ్ళీ లేచింది. కింద మంచుగాలి, నేల కనబడటం లేదు, వెనక్కి వెళ్ళిపోతున్నాం అని పైలట్ చెప్పాడు. చుట్టూ ఎవరూ కిమ్మనలేదు. ఇక్కడివాళ్ళకి ఇది అలవాటే. పక్కావిడ నా చేతిలో గిన్నె వైపు చూసి, నా మోచేతి మీద తట్టింది.

ఆ రెండో చుట్టులో ఎప్పుడో నేను సరిగ్గా ఆ పిల్ల ఇంటి మీద ఉండి ఉంటాను. మా ఇద్దరి మధ్య దూరం మైలు కూడా లేదు. లెక్కలు చెప్పేదాన్ని గనక ఆ సంగతి వద్దన్నా బుర్రలోకి వచ్చింది. విమానంలో నేను ఏడవలేదు, యాంకరేజ్‌లో దిగాక ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళి ఏడ్చాను. సోమవారం బడి ఉంది. తిరిగి మా ఊరి విమానమే ఎక్కాను.

"ప్లేన్ సౌండ్ విన్నా పెద్దమ్మా," అంది ఫోన్‌లో. "రెండుసార్లు. మీరే అని తెలుసు."

అప్పుడైనా చెప్పాలి కదా, నువ్వే వెలిగించుకోమని. ఫోన్ ఎదురుగా పెట్టుకో, నేను చూస్తుంటా, నువ్వు పొంగించు అన్నాను ఒకసారి. "ఫోన్‌లో చేస్తే కౌంట్ అవుతుందా?" అని అడిగింది. కౌంట్ అవుతుంది అంటే అయిపోయేది. నేను తటపటాయించాను. ఆ తటపటాయింపు తనకి కనబడింది. "పర్లేదు, క్రిస్మస్‌కి రండి," అంది. క్రిస్మస్ వారం మా ఊరి మీద తుపాను గాలి పడింది. పై ఊరి సంగతి దేవుడెరుగు, మా రన్‌వే మీదే విమానాలు తిరగలేదు. సెలవులు కిటికీ దగ్గర కూర్చుని గడిపాను.

ఆ ఆదివారాల్లో ఆమె మాటలు తగ్గాయి. నిద్ర పట్టడం లేదంది. పొద్దున్న ఏదో సాయంత్రం ఏదో తెలియడం లేదంది. ఏం తిన్నావమ్మా అంటే "ఏదో ఒకటి" అనేది. నేను పోపు గురించి చెప్పడం మానేశాను. వెలిగించని పొయ్యి ఉన్న ఇంటికి పోపు గురించి ఏం చెప్పను?

జనవరి చివర, ఆదివారం కాని రోజున, నేను బడినుంచి వచ్చి బూట్ల మంచు దులుపుకుంటుంటే ఫోన్ వచ్చింది. యాంకరేజ్ నుంచి చేస్తోంది. ఉద్యోగం మధ్యలోనే వదిలేసింది. సన్నీవేల్‌లో ఒక పళ్ళ క్లినిక్‌లో చేరుతోంది.

"చీకటి పడలేదు పెద్దమ్మా నాకు. ఐ ట్రైడ్."

"తెలుసు తల్లీ. మంచి పని చేశావు," అన్నాను. మంచి పనే. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను, అయినా కుర్చీ కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇల్లు ఖాళీ చేస్తుంటే చూసుకోడానికి ఇల్లుగలావిడ వచ్చిందట. ఇంత శుభ్రంగా స్టవ్ అప్పజెప్పినవాళ్ళని ఇంతవరకూ చూడలేదని మెచ్చుకుందట. ఆ పిల్ల అది నవ్వుకోడానికే చెప్పింది. నేనూ నవ్వినట్టే శబ్దం చేశాను. గట్టి దిండు ఎదురింటి ముసలావిడకి ఇచ్చేసిందట, ఆవిడకి మెడనొప్పి ఉందట.

నేను వెళ్ళి ఆ పాలు పొంగించి ఉంటే ఉండిపోయేదా? తెలియదు. చీకటి ఎంతమందినో పంపించేసింది, వాళ్ళెవరికీ పాలతో పని లేదు. కానీ ఆ ఇంట్లో ఒక్కరోజైనా పోపు వాసన వచ్చి ఉండేది. రాత్రికీ పగటికీ తేడా లేని ఆ రెండు నెలలూ వేడన్నం తిని ఉండేది. అది నా చేతిలో ఉన్న పని. ఒక్క మాటతో అయ్యేది, దానికి విమానం అక్కర్లేదు. తలుచుకున్నప్పుడల్లా నాకు దూరం మీద కోపం తగ్గి నా మీదికి మళ్ళుతుంది, అందుకే దూరాన్నే తిట్టుకుంటూ ఉంటాను.

ఇప్పుడు సన్నీవేల్ వెళ్ళడం తేలిక. యాంకరేజ్ నుంచి అటు విమానాలు రోజూ ఉంటాయి, మంచుగాలి భయం లేదు. పొద్దున్న బయల్దేరితే రాత్రి భోజనానికి ఉండొచ్చు. అక్కడ వీధివీధినా తెలుగువాళ్ళుంటారు, పాలు పొంగించడానికి పెద్దవాళ్ళు పక్కింట్లోనే దొరుకుతారు. అదంతా ఆ పిల్లకి చెప్పలేదు.

"బోర్డింగ్ అంటున్నారు," అంది చివరికి. తర్వాత స్పష్టంగా, తడబడకుండా, "వస్తాను పెద్దమ్మా," అంది.

"ఎప్పుడమ్మా?" అన్నాను.

మెల్లిగా నవ్వింది. "పెద్దమ్మా, మీరే కదా చెప్పావు. అంటే బై అని."

"అవును కదూ," అన్నాను. "రా తల్లీ."

తను దాన్ని బై అనుకుని ఫోన్ పెట్టేసింది. నేను రమ్మన్నాను.